అంబాసిడర్ స్పీడోమీటర్ కేబుల్ ఫోన్లో ఫోటో చూసి కొంటున్నారా? ఆగండి

పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా నాలా కూర్చున్న చోటికే స్పేర్లు తెప్పించుకునేవాళ్ళు ఇది చదవండి. 1,850 రూపాయలు పోసి కేబుల్ కొన్నాను. దాని పుణ్యమా అని ఇంకో 3,200 పెట్టి మీటరు బాగుచేయించుకున్నాను.

మాది 1986 మార్క్ 4, నాన్నగారి బండి. సంక్రాంతి నుంచి ముప్పై దాటగానే డాష్‌బోర్డు వెనక టిక్కుటిక్కుమని మొదలై, యాభైకి వచ్చేసరికి కీచురాయిలా అరిచేది. ముల్లు కూడా స్థిరంగా నిలిచేది కాదు. కేబుల్ గొట్టం లోపల తిరుగుతూ మీటరును నడిపే తీగ గ్రీజు లేక ఎండిపోయిందని నాకూ తెలుసు. కానీ దాదాపు నలభై ఏళ్ళ కేబుల్ కదా, కొత్తది వేస్తే పీడా వదులుతుందనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

నెట్లో వేరే రాష్ట్రం కొట్టొకటి కనపడింది. పేరు రాయను, రాసినా రేపు ఇంకో పేరుతో వస్తాడు. "ఒరిజినల్ ఓల్డ్ స్టాక్ సార్, కంపెనీ డబ్బాతో సహా" అన్నాడు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంత నవనవలాడే డబ్బా ఎక్కడిదని అప్పుడే తట్టాల్సింది. పార్సిల్ విప్పుతుంటే చేతి చెమటకే స్టిక్కరు ఇంకు బొటనవేలికి అంటుకుంది. అయినా బిగించేశాం.

రెండు రోజులు చప్పుడు లేదు. మహా సంబరపడ్డాను. మూడో రోజు రావులపాలెం వెళ్తుంటే ముల్లు సరాసరి చివరికి పోయి కూర్చుంది. బండి చూస్తే నలభైలో ఉంది! కాసేపటికి లోపల టప్‌మంది, కిలోమీటర్ల అంకెలు ఆగిపోయాయి.

మీటర్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కొత్త కేబుల్ లోపలి తీగ బయటికి లాగి, కౌంటరు అద్దం మీద అరచేత్తో దొర్లించారు. మంచి తీగ అయితే పెన్సిల్‌లా సాఫీగా దొర్లాలి. ఇది ఒకచోట ఎగిరెగిరి పడుతోంది. "చూశారా సార్, పుట్టుకతోనే వంకర" అన్నారు. తర్వాత తీగను గొట్టంలోకి మళ్ళీ తోసి స్కేలు పెట్టారు. మీటరు వైపు, పలకలుగా ఉండే తీగ కొస గొట్టం నుంచి సెంటీమీటరుకి కాస్త తక్కువే బయటికి రావాలి. మాది దాదాపు ఒకటిన్నర ఉంది. నట్టు బిగించేసరికి తీగ మీటరు ఇరుసును వెనక నుంచి పొడుస్తూ కూర్చుంది. ఇరుసు తిరిగే బుష్ అరిగింది, అంకెలు తిప్పే చిన్న పళ్ళచక్రం విరిగింది.

ముల్లు ఎందుకు ఎగిరిందో అప్పుడు చూపించారు. కేబుల్ నేరుగా ముల్లును తిప్పదు. లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద బోర్లించినట్టుండే పల్చటి అల్యూమినియం గిన్నె తాకకుండానే దాంతోపాటు లాగబడుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ముల్లు ఉండేది ఆ గిన్నెకే. అమ్మినవాడు కేబుల్ నిండా గ్రీజు కూరాడు. తీగ తిరుగుతుంటే ఆ గ్రీజు పైకి పాకి గిన్నెలో చేరింది. గిన్నే అయస్కాంతమూ అతుక్కుపోయాక ఇక ముల్లు ఎక్కడ ఆగుతుంది!

కొట్టువాడికి ఫోటోలు పంపాను. "బిగించాక వాపసు లేదు, మీ మెకానిక్ తప్పు" అని ఒక వాయిస్ మెసేజ్. ఆ తర్వాత నా నంబరే బ్లాక్. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, చూడాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటే బాగుండేది. మీరైనా తీయండి.

కొనక తప్పదంటే పాత కేబుల్ చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసుకోండి. దూరం నుంచి తెప్పిస్తే టేపు పెట్టిన ఫోటో అడగండి, గొట్టం పొడవు వేరు, తీగ పొడవు వేరు, రెండూ కావాలి. పంపనంటే అక్కడితో వదిలేయండి. వచ్చాక బిగించకముందే అద్దం మీద దొర్లించండి. బిగించేటప్పుడు గొట్టాన్ని ఎక్కడా బిర్రుగా మడవకండి, ఎంత మంచి కేబులైనా అక్కడ అరుస్తుంది.

అసలు కడుపుమంట ఏమిటంటే, నా పాత కేబుల్‌కి ఏమీ కాలేదు. సాయిబుగారు తీగను కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, మీటరు వైపు జానెడు వదిలేసి మిగతా దానికి పల్చగా గ్రీజు పట్టించి ఎక్కించారు. నూనె మాత్రం వద్దన్నారు, అది ఇంకా తొందరగా పైకి పాకుతుందట. దీనికి విడిగా డబ్బులు కూడా తీసుకోలేదు. ఇప్పుడు డెబ్భైలో పోతున్నా గడియారం చప్పుడు కూడా లేదు.

నిన్న రాత్రి ఆ కొట్టు పేజీ మళ్ళీ చూశాను. అదే ఫోటో, కింద "ఆఖరి రెండు పీసులు" అని ఉంది. నేను కొన్నప్పుడూ రెండే ఉన్నాయి.