కుబుసం వేళ మేత: అప్పుడే పెట్టాలా, విడిచాక పెట్టాలా?

పెంపుడు పాము కళ్లు నీలంగా, పాలు పోసినట్టు మసకబారాయంటే కుబుసం దగ్గరపడినట్టే. మసక పోయి కళ్లు తేటపడ్డాక కొన్ని రోజుల్లో చర్మం విడుస్తుంది. మేత రోజు సరిగ్గా ఈ మధ్యలో పడితే ఏం చేయాలి?

అప్పుడే పెట్టడం తప్పేమీ కాదు. కార్న్ స్నేక్ అనే రకం పాములు చాలావరకు మసక కళ్లతోనే తినేస్తాయి. వారానికోసారి తినే పిల్లపాములకూ ఒకసారి పెట్టి చూడొచ్చు. కాకపోతే ఎలుక మామూలుకన్నా చిన్నది కావాలి. పాము ఒంటి లావు దాటకూడదు. పటకారుతో మెల్లగా చూపించాలి. సరిగా కనబడక బెదిరి, చేతిని కాటేసే ప్రమాదం ఎక్కువ. ముట్టకపోతే తీసి పారేయాలి. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన ఎలుకను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. బతికున్న ఎలుకను మాత్రం అస్సలు వదలొద్దు, అదే పామును కొరికేస్తుంది.

అయినా ఆగడమే మేలని మా అభిప్రాయం, బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువల విషయంలో మరీను. అవి ఈ రోజుల్లో ఎలాగూ ముఖం తిప్పుకుంటాయి. పెద్ద పాముకు వారం, పది రోజుల ఉపవాసం లెక్కలోకి రాదు. ఆ సమయంలో తేమ మీద దృష్టి పెట్టండి: బాల్ పైథాన్‌కు 70 శాతం దాకా, తడి నాచు నింపిన డబ్బా, నీళ్ల తొట్టి. విడిచాక కుబుసంలో రెండు కంటిపొరలూ (కళ్లను కప్పే పారదర్శక పొరలు) ఉన్నాయో లేదో చూసి, ఒకట్రెండు రోజులకు మేత పెట్టండి. అప్పుడు ఆవురావురుమంటూ పట్టేస్తుంది.

తిన్నది కక్కేస్తే మాత్రం రెండు వారాలు ఏమీ పెట్టొద్దు.