విశాఖ ఎండకు 20డబ్ల్యూ-50 అక్కర్లేదు: మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40 వాడాక

వేసవి వస్తే ఆటోనగర్ షెడ్లలో తరచూ వినిపించే సలహా ఒకటుంది: "మనది ఎండ ఊరు సార్, చిక్కటి ఆయిల్ పోయించండి." ఆ వెంటనే 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడు ఇంజిన్ ఆయిల్ డబ్బా బల్ల మీదికి వస్తుంది. పాత అంబాసిడర్ల కాలంలో ఆ సలహాకు అర్థం ఉంది. నా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారులో ఉన్నది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. దాని వాల్వుల టైమింగ్‌ను మార్చేది సన్నటి దారుల్లో పరుగెత్తే ఆయిల్ ఒత్తిడే. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగేది కూడా పలచటి ఆయిల్ పొర మీదే. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఆ మూలలకు చేరని ఆయిల్ ఎంత చిక్కగా ఉండి ఏం లాభం? అందుకే నేను మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40 పోయించాను.

ఇక డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం; దాని ముందున్న అంకె 5 ఉందా, 0 ఉందా అన్నదానితో మనకు పెద్దగా పనిలేదు. 5డబ్ల్యూ ఆయిల్‌తో చలిలో ఇంజిన్ తిరుగుతుందా లేదా అన్నది మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 0డబ్ల్యూ అయితే మైనస్ 35 దగ్గర. డిసెంబరులో లంబసింగి వెళ్లి రాత్రంతా కారు బయట పెట్టినా మనం చూసే చలి సున్నా దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఆ ఒక్క అంకె కోసం 0డబ్ల్యూ-40కి అదనంగా డబ్బు పెట్టవద్దని విశాఖ మిత్రులకు గట్టిగా చెబుతాను.

చూడాల్సింది వెనకున్న అంకె, అంటే 5డబ్ల్యూ-40లోని 40. 100 డిగ్రీల వేడిలో 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉంటుంది, 40 గ్రేడ్‌ది 12.5 నుంచి 16.3 లోపు. అంతకన్నా ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది. 150 డిగ్రీల వేడిలో బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్‌లో ఎంత చిక్కదనం మిగులుతుందన్నదే ఆ కొలత. ఇది మిల్లీపాస్కల్ సెకన్లనే వేరే ప్రమాణంలో 5డబ్ల్యూ-30కి కనీసం 2.9 ఉంటే చాలు, 5డబ్ల్యూ-40కి 3.5 ఉండి తీరాలి.

ఈ తేడా అరకు దారిలో తెలుస్తుంది. రుషికొండ మీదుగా భీమిలి వెళ్లేటప్పుడు మీటరులో ఆయిల్ వేడి 95 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ, ఆర్టీసీ బస్సు వెనక రెండో గేరులో పాకి, దారి దొరకగానే యాక్సిలరేటర్ నొక్కితే ఆ అంకె 110 దాటిపోతుంది. ఈ ఆయిల్‌తో అక్కడ కూడా ఇంజిన్ శబ్దం గరుకెక్కలేదు. పైన కాఫీ దుకాణం దగ్గర ఆపి బానెట్ ఎత్తితే టప టప లేకుండా మెత్తగా తిరుగుతోంది. నాకు ఈ ఆయిల్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఊళ్లో తిరుగుడుకు కూడా 40 వైపే మొగ్గుతాను. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజిన్లలో, ఎన్‌ఏడీ నుంచి గాజువాక లాంటి చిన్న ప్రయాణాల్లో, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే కొంత పెట్రోలు గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. 40 గ్రేడ్ అయితే ఆ నష్టాన్ని తట్టుకునే వెసులుబాటు ఉంటుంది.

గ్రేడ్ ఒకటే అయినంత మాత్రాన ఆయిళ్లన్నీ ఒకటి కావు. డబ్బా వెనక్కి తిప్పి మీ కారు కంపెనీ ఆమోద సంఖ్య వెతకండి. నా మాన్యువల్ అడిగే, స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ ఇచ్చే 502 00 దీని మీద ఉంది. మెర్సిడెస్ 229.5, పోర్షే ఏ40 కూడా ఉన్నాయి. అదే కంపెనీ రేసు ఆయిల్ 300వి మీద చాలామందికి మోజు. అది ట్రాక్ కోసం చేసినది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు ఆమోదం ఉన్న ఆయిలే మేలు.

లోపాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. నా ఇంజిన్ ఐదున్నర లీటర్లకు పైగా తాగుతుంది కాబట్టి పెద్ద డబ్బాతో పాటు విడి లీటర్లు కొనక తప్పదు. ఎగ్జాస్టులో పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసి కణాలను పట్టే జల్లెడ) ఉన్న కార్లకు ఇది పనికిరాదు, బూడిద తక్కువ వదిలే సీ3 తరగతి ఆయిల్ తీసుకోవాలి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని రాసి ఉన్న కొత్త ఇంజిన్లకు కూడా దీన్ని పోయించకండి, వాటి ఆయిల్ పంపులూ బేరింగుల సందులూ ఆ పలచదనానికే లెక్కగట్టి చేసినవి. షెడ్డులో పోయిస్తే సీలు మీ ముందే తెంచమనండి, ఫిల్టరూ డ్రెయిన్ బోల్టు వాషరూ కొత్తవి వేయించండి.