బిగ్ బ్యాంగ్ థియరీ రెండోసారి చూశా, ఈసారి బోర్డు కోసం

బిగ్ బ్యాంగ్ థియరీ అంటే సైంటిస్టు స్నేహితుల మీద తీసిన అమెరికన్ కామెడీ సీరియల్. 12 సీజన్లు, 279 ఎపిసోడ్లు, మొన్న రాత్రితో రెండోసారి పూర్తిచేశా. మొదటిసారి జోకుల కోసం చూశాను. ఈసారి మాత్రం ఫిజిక్స్ శాస్త్రవేత్త షెల్డన్ వాళ్ల హాల్లో ఆ వైట్‌బోర్డు కనిపించినప్పుడల్లా పాజ్ కొట్టి, ముందు ఎవరు ఏం మాట్లాడుతున్నారో వదిలేసి బోర్డు చదువుకుంటూ కూర్చున్నా. పక్కన చూసేవాళ్లు విసుక్కున్నారు, అది వేరే సంగతి.

ఆ బోర్డు మీద ఉన్నవి ఉత్తుత్తి గీతలు కావు. డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్ అని లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్, ఈ సీరియల్‌కి ఆయనే సైన్స్ సలహాదారు. రచయితలు స్క్రిప్టులో సైన్స్ రావాల్సిన చోట ఖాళీ వదిలేస్తే ఆయన నింపేవారు, బోర్డు మీది సమీకరణాలూ ఆయన ఇచ్చినవే. కామెడీ సీరియల్లో వాటిని చదివేదెవరు చెప్పండి? అయినా నిజమైన లెక్కలే పెట్టారు చూడండి, నాకు గౌరవం కలిగింది అక్కడే.

అన్నిట్లో నాకు బాగా నచ్చింది మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్, 2010లో వచ్చింది. షెల్డన్, అతని స్నేహితులంతా మేడెక్కి చంద్రుడి మీదికి లేజర్ కొడతారు. 1969లో అపోలో 11 వాళ్లు అక్కడ పెట్టి వచ్చిన రిఫ్లెక్టర్‌కి తగిలి ఆ వెలుగు వెనక్కి రావాలి, పోను రాను రెండున్నర సెకన్లు. కాసేపటికి ల్యాప్‌టాప్ తెర మీద ఒక గీత లేస్తుంది. అంతే! మనవాళ్లేమో పొంగిపోతుంటారు, పక్కింటి పెన్నీ వెంటబెట్టుకొచ్చిన కుర్రాడికేమో లేజర్ తగిలి చంద్రుడు పేలిపోతాడేమోనని టెన్షన్. క్లాసు పీకకుండానే మనుషులు చంద్రుడి మీదికి వెళ్లారని, అక్కడ వదిలిన వస్తువు ఇంకా పనిచేస్తోందని మన బుర్రకెక్కిపోతుంది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని కొలిచింది ఈ పద్ధతిలోనే అని నేను ఆ సీన్ చూశాకే వెతికి తెలుసుకున్నా. నిజానికి పెద్ద టెలిస్కోప్‌తో కొట్టినా తిరిగొచ్చే ఫోటాన్లు (వెలుగు కణాలు) ఏ కొన్నో ఉంటాయి, మేడ మీది సామానుతో అయ్యే పని కాదు. పోనీలే అనుకున్నా. అన్నట్టు తర్వాత షెల్డన్‌కి జోడీ అయ్యే ఎమీ మొదటిసారి కనిపించేది కూడా ఈ ఎపిసోడ్ చివర్లోనే. ఆ పాత్ర న్యూరోసైన్స్ (మెదడు, నాడుల శాస్త్రం) శాస్త్రవేత్త, వేసిన మయీమ్ బియాలిక్‌కి నిజంగానే న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ ఉంది.

ఇక తిట్లు. చాలా చోట్ల నోరు తిరగని సైన్స్ మాట ఒకటి పడేస్తారు, వెంటనే వెనక నుంచి నవ్వులు. జోకు ఏమిటయ్యా అంటే ఆ మాట మనకి అర్థం కాకపోవడమే! అక్కడ సైన్స్ చెప్పినట్టా, వెక్కిరించినట్టా? చివరి సీజన్ ఇంకా చిరాకు. సూపర్ అసిమెట్రీ అని లేని సిద్ధాంతం ఒకటి అల్లి, ప్రయోగంలో రుజువవడం, షెల్డన్, ఎమీలకి నోబెల్ రావడం అన్నీ ఒక్క సీజన్లో చుట్టేశారు. హిగ్స్ బోసాన్ అనే కణం సంగతి చూడండి, 1964లో ఊహిస్తే 2012లో దొరికింది, 2013లో నోబెల్ వచ్చింది. ఆ ఎదురుచూపులో ఎంత కథ ఉంది! ఒక్క ఎపిసోడ్‌లో కిప్ థోర్న్, జార్జ్ స్మూట్, ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ లాంటి అసలు నోబెల్ విజేతలనే తెచ్చి కూర్చోబెట్టారు గానీ, వాళ్ల పని గురించి మనకి తెలిసింది పెద్దగా లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. సైన్స్ నేర్చుకుందామని మాత్రం మొదలెట్టకండి, నిరాశపడతారు. మొదటి మూడు సీజన్లు చూసి, ఆ లేజర్ ఎపిసోడ్ దాకా వచ్చాక కూడా నచ్చకపోతే హాయిగా ఆపేయొచ్చు.