సైటు ఓనర్లకి పోస్టులో ఉత్తరాలు: కొన్నేళ్లు రాశాక నా అభిప్రాయం

విశాఖలో ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో ఖాళీ సైటుకి ‘అమ్మబడును’ బోర్డు పడిందంటే సాయంత్రానికల్లా మీడియేటర్లు మూగుతారు. బోర్డు పడకముందే ఓనర్ని పట్టుకోవాలని నేను కొన్నేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. పనిచేస్తుంది. కాకపోతే తొందరపడేవాళ్లకి పనికిరాదు.

రాయడం కంటే అడ్రసు పట్టడమే కష్టం. తాళం వేసిన ఇంటికే పంపితే కవరు గేటు లోపల వానకి నానిపోతుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే సర్టిఫికెట్) తీస్తే పేర్లు, డాక్యుమెంటు నంబరు తెలుస్తాయి. ఆ నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుంటే కొన్నవాళ్ల అప్పటి చిరునామా ఉంటుంది. పాతది కాబట్టి కొన్ని తిరిగొస్తాయి, అందుకే కవరు మీద మన అడ్రసు ఉండాలి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యని భూముల జాబితా) ఉంటే స్టాంపు కూడా దండగే.

‘మీ ఆస్తికి అత్యధిక ధర, వెంటనే చెల్లింపు’ అని అచ్చేసిన కాగితాలకి వేరే మీడియేటర్లే ఫోన్ చేస్తారు. నేను చేత్తో అర పేజీ రాస్తాను: “అయ్యా, నమస్కారం. ఉషోదయ జంక్షన్ దగ్గర మీ సైటుకి తూర్పు ప్రహరీ పడిపోయింది, లోపల చెత్త పోస్తున్నారు. అమ్మే ఆలోచనున్నా, డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకున్నా నాకో మాట చెప్పండి.” ఫోన్ చేసినవాళ్లలో చాలామంది ముందు అడిగేది రేటు కాదు, గోడ ఎంతమేర పడిందని. ఫొటోలు పంపిస్తాను. బేరం అక్కణ్ణుంచే మొదలు. గజం రేటు మాత్రం కాగితం మీద పెట్టను. పెడితే అది చూపించి ఇంకో పార్టీని అడుగుతారు.

మామూలు స్టాంపు కవరే మేలు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. ఏదైనా సరే, సంతకం పెట్టి తీసుకునే కవరంటే పెద్దవాళ్లకి కోర్టు నోటీసే గుర్తొస్తుంది.

జవాబు అమెరికా నుంచి వస్తే టీడీఎస్ (అమ్మేవాళ్ల పన్ను కింద కొనేవాళ్లు ముందే కోసి కట్టే సొమ్ము) సంగతి మొదటి ఫోన్‌లోనే తేల్చెయ్యాలి. ఇక్కడివాళ్లయితే 50 లక్షలు, ఆపైన బేరానికి కొనేవాళ్లు 1 శాతం కోస్తే చాలు. ఎన్నారైలకి అలా కాదు, కోత బాగా ఎక్కువ. చివర్లో చెబితే టోకెన్ ఇచ్చాక కూడా బేరం చెడుతుంది.

ఆషాఢంలో వేసినవాటికి పలికే నాథుడుండడు. సంక్రాంతికి ముందు చేరితే మంచిది. అన్నదమ్ములంతా ఒకచోట ఉంటారు, ఎవరి సంతకం అడ్డమో పండగ వెళ్లేలోపే తెలిసిపోతుంది.