నీళ్లలోంచి వచ్చే బావురుపిల్లిని చూడలేని కెమెరా: మూడేళ్ల వాడకం తరువాత

కోరింగ మడ అడవికి దగ్గరలో ఉన్న మా బావగారి చేపల చెరువుల గట్ల మీద నాలుగు ట్రాప్ కెమెరాలు (జంతువు ఎదుటికి వస్తే వాటంతట అవే ఫొటో తీసేవి) పెట్టి ఈ వేసవికి మూడేళ్లు నిండాయి. ఫొటో ఎన్ని మెగాపిక్సెళ్లు, ఫ్లాష్ ఎంత దూరం పోతుంది, ఎంత పెద్ద కార్డు పడుతుంది వంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఒక కంపెనీది కాదు. వేడిలో తేడాను పసిగట్టి ఫొటో తీసే పీఐఆర్ సెన్సర్ ఉన్న ప్రతి కెమెరాలోనూ ఎంతో కొంత ఉండేదే. పొడి నేల మీద తిరిగే జంతువు విషయంలో అది బయటపడను కూడా పడదు. నీళ్లలో దిగి చేపను పట్టుకునే పిల్లి కోసం కెమెరా కొన్న నాకు మాత్రం అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి లేదు.

కొన్న ఆరు నెలలకు తెలిసినవాళ్లందరికీ ఈ కెమెరానే కొనమని చెప్పాను. అప్పటికి ఆ మాటలో తప్పు లేదు. ఎనిమిది పెన్సిల్ సెల్స్‌తో నలభై రోజులు నడిచింది, తుపాను వానలో చుక్క నీరు లోపలికి పోలేదు, గట్టు మీద నడిచివచ్చే పిల్లి అడుగు ఎత్తున కట్టిన కెమెరా ముందు నుంచి తప్పించుకుపోయినట్టు నాకెన్నడూ అనిపించలేదు. తొలిసారి కార్డు తెరిచినప్పుడు కనిపించిన ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది: కెమెరాకు వీపు పెట్టి, పొట్టి తోకను నేలకు ఆనించి, నీటి అంచున కూర్చుని చెరువులోకి చూస్తున్న బావురుపిల్లి. గుండ్రని చెవుల వెనుక నలుపు, ఆ నలుపు మధ్య తెల్లని మచ్చ, మెడ మీదుగా దిగే చారలు, ఒంటి మీద వరుస కట్టిన చుక్కలు అన్నీ తెలుస్తున్నాయి. ఊళ్లో చాలామంది దీన్ని పులిపిల్ల అనుకుంటారు. ఆ ఒక్క ఫొటో చూపించి ఎంతమందికి నచ్చజెప్పానో లెక్కలేదు.

అనుమానం ఏడాది చివర వచ్చింది. కార్డులన్నీ ముందు పెట్టుకుని లెక్కవేస్తే, తూము పక్కనున్న కెమెరాలో పిల్లి నీటివైపు వెళ్తున్న సందర్భాలు 57, నీటివైపు నుంచి వెనక్కి వస్తున్నవి 4 తేలాయి. చెరువు ఈది అవతలి గట్టు ఎక్కి వెళ్లిపోతోందని నేను నిర్ణయానికి వచ్చాను. బావగారికీ అదే చెప్పాను. ఆయన నా మాట నమ్మి అవతలి గట్టు పొడవునా నైలాన్ వల కట్టించారు.

ఆయన ఆత్రుతకు కారణం ఉంది. బావురుపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉంది. దాన్ని పట్టుకోవడమూ చంపడమూ నేరం. చట్టం తెలిసిన రైతుకైనా, తన చెరువులో చేప ఎంత పోతోందన్న ప్రశ్న రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. ఆ ప్రశ్నకు జవాబు పిల్లి నీళ్లలోకి దిగే ఫొటోలో దొరకదు, పైకి ఎక్కేటప్పుడు నోట్లో ఏముందో చూపే ఫొటోలో దొరుకుతుంది. నా దగ్గర లేనిది సరిగ్గా ఆ ఫొటోయే.

చెరువుల దగ్గర కాపలా ఉండే పెద్దాయన నా లెక్కను ఒప్పుకోలేదు. "అవతల గట్టు కాదండి మాస్టారూ, దిగిన కాడే ఎక్కుద్దండి. తెల్లారగట్ల నా కళ్లతో చూశానండి, నోట్లో చేప కూడా ఉందండి" అన్నాడు. ఆయన మాట తేల్చుకోవడానికి తూము పక్కన, కెమెరాకు ఎదురుగా రెండు గజాల మేర మెత్తని ఒండ్రు పరిచి, సాయంత్రం అరచేత్తో నున్నగా అలికి వచ్చాను. మర్నాడు పొద్దున్న ఆ ఒండ్రు మీద నీటి అంచు నుంచి గట్టు పైకి వరుసగా పాదాల గుర్తులు, పక్కన చెమ్మ చారలు, కొంచెం పైన గడ్డిలో నాలుగైదు పొలుసులు ఉన్నాయి. కార్డులో చూస్తే పిల్లి దిగడం ఉంది, ఎక్కడం లేదు. కార్డు మార్చాను. కెమెరా మార్చాను. నాలుగు కెమెరాలనూ ఒకదాని తరువాత ఒకటి అదే చోట కట్టి చూసినా, దాదాపు ప్రతిసారీ ఒండ్రు మీద ఉన్న గుర్తులకు కార్డులో ఫొటో లేదు.

చివరికి నేనే పిల్లి స్థానంలో నిలబడ్డాను. కెమెరాను పరీక్షించే మోడ్‌లో పెడితే, ఎదుట కదలికను పసిగట్టినప్పుడల్లా ముందున్న చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. మే నెలలో, తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు, నేను ఒక పక్కకు తప్పుకుని మూడు మీటర్ల దూరం నుంచి చెయ్యి మాత్రం ముందుకు చాచి ఆడిస్తే దీపం వెంటనే వెలిగింది. అదే చేతికి చెరువు నీళ్లలో నానబెట్టిన దళసరి తువ్వాలు మడతలు వేసి చుట్టి, వేళ్లు కూడా కప్పేసి, అంతే వేగంతో ఆడిస్తే దీపం వెలగలేదు. పదిసార్లు చేస్తే రెండుసార్లు వెలిగింది, ఆ రెండుసార్లూ తువ్వాలు జారి మణికట్టు బయటపడింది.

కారణం తరువాత చదివి తెలుసుకున్నాను, కానీ ఆ తువ్వాలుతోనే సగం అర్థమైంది. ఈ సెన్సర్ జంతువును చూడదు. జంతువు ఒంటి పైభాగానికీ, వెనుకనున్న నేలకూ మధ్య వేడిలో ఉన్న తేడా కదిలితే దాన్ని గుర్తిస్తుంది. బావురుపిల్లి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఎంత దట్టమంటే నీరు చర్మం దాకా పోదు, లోపలి వెచ్చదనం బయటికి రాదు. పైపొర మాత్రం చెరువు నీళ్లతో తడిసి ఆ నీటి వేడికే వస్తుంది. వేసవి తెల్లవారుజామున నీటికీ, గాలికీ, గట్టు మట్టికీ మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి నీళ్లలోంచి లేచిన పిల్లి ఆ సెన్సర్‌కు కదిలే గట్టుముక్కలాంటిదే. నీటికుక్కల మీద పనిచేసేవాళ్లకు ఈ ఇబ్బంది పాతదే. నాకు దొరికిన ఆ నాలుగు ఫొటోలూ డిసెంబరు, జనవరి నెలలవే. గట్టు చల్లబడి, నీరు ఇంకా కాస్త వెచ్చగా ఉండే రోజులు కావడం వల్లనే అవి పడ్డాయని నా ఊహ. నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. ఈ సెన్సర్ అడ్డంగా పోయే కదలికను పట్టినంత బాగా ఎదురుగా వచ్చే కదలికను పట్టలేదు, నేను కెమెరాను సరిగ్గా నీటికి ఎదురుగా కట్టాను.

కెమెరాను గట్టు వెంట పక్కకు తిప్పి కట్టడంతో కొంత మెరుగైంది. అసలు మేలు చేసింది మాత్రం నేను ఏడాది పాటు తెరిచి కూడా చూడని టైమ్‌ల్యాప్స్. రాత్రి రెండున్నర నుంచి అయిదున్నర దాకా, సెన్సర్‌తో సంబంధం లేకుండా, పది సెకన్లకు ఒక ఫొటో తీయమని పెట్టాను. రాత్రికి వెయ్యికి పైగా ఫొటోలు వస్తాయి, దాదాపు అన్నింటిలోనూ ఖాళీ గట్టే ఉంటుంది. నలభై రోజులు వచ్చే సెల్స్ అయిదు రాత్రులకే అయిపోతాయి, కాబట్టి బ్యాటరీ గురించి నేను మొదట అన్న మాటను ఇక్కడికి వర్తింపజేయకూడదు. మూడో రాత్రి, నాలుగూ పన్నెండుకు, ఒండ్రు మీద పిల్లి నిలబడి ఉంది. బొచ్చు పాయలు పాయలుగా ఒంటికి అంటుకుపోయి, మామూలు కంటే సన్నగా, కాళ్లు పొడవుగా కనిపిస్తోంది. నోట్లో అరచేతి వెడల్పు చేప అడ్డంగా ఉంది. పది సెకన్ల తరువాతి ఫొటోలో ఒళ్లు విదిలించుకుంటోంది, నీటి తుంపరలు ఫ్లాష్‌కు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ రెండు ఫొటోలనూ కాపలా పెద్దాయనకే ముందు చూపించాను.

రెండు చలికాలాలు, ఒక వేసవి కలిపి ఇలా పైకి ఎక్కిన సందర్భాలు 23 దొరికాయి. తొమ్మిదింటిలో నోట్లో చేప ఉంది, ఏడింటిలో ఏ చేపో చెప్పగలిగాను: అయిదు తిలాపియాలు, ఒక జెల్ల, ఒక శీలావతి. శీలావతి ఒక్కటే బావగారు విత్తనం వేసిన చేప. తిలాపియా ఎవరూ వేయకుండానే కాలువ నీటితో వచ్చి, వేసిన మేత తినిపోయే రకం. ఒక్క చెరువులో దొరికిన ఏడు ఫొటోలతో బావురుపిల్లి రైతుకు నష్టం చేయదని నేను అనను. కొర్రమీను పెంచే చెరువులో లెక్క వేరుగా ఉండవచ్చు. బావగారు మాత్రం అవతలి గట్టు మీది వల తీయించేశారు. ఇవతలి గట్టుకు కట్టించలేదు.

ఇక కొనాలా వద్దా అంటే, పని ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్ని పిల్లులు ఉన్నాయో అంచనా వేయడమే పని అయితే ఈ లోపం పెద్ద అడ్డంకి కాదు. 2018లో కోరింగ అభయారణ్యంలో 115 బావురుపిల్లులు ఉన్నట్టు సర్వేలో తేలింది. అలాంటి పనికి కావలసింది పొడి ఒంటితో దారి వెంట పోయే పిల్లి పక్క మీది చుక్కలు, ఏ పిల్లి ఏదో వాటిని బట్టే పోల్చుకుంటారు, అవి ఏ రాత్రి దొరికినా చాలు. కాకపోతే ఈ కెమెరాలో ఉన్న కంటికి కనబడని ఫ్లాష్ ఆ పనికి అంత మంచిది కాదు, నడిచే పిల్లి చుక్కలు అందులో చెదిరిపోతాయి. తెల్లని ఫ్లాష్ ఉన్నది తీసుకోవడం మేలు. మెట్ట ప్రాంతంలో అడవిపిల్లి కోసమైతే ఇదే కెమెరాను ఇప్పటికీ కొనమంటాను. ఉప్పుగాలి తగిలే చోట మాత్రం సెల్స్ పెట్టే స్ప్రింగులకు ఏడాదికే చిలుము పడుతుంది, నెలకోసారి తుడవాలి.

నాకు చెరువు ఇంటివాళ్లది, అనుమతి అడిగే పని లేదు, ప్రతి ఆదివారం వెళ్లి సెల్స్ మార్చగలను, వెయ్యి ఫొటోలు ఒక్కొక్కటీ చూసే ఓపిక ఉంది. ఇవేవీ లేనివాళ్లకు టైమ్‌ల్యాప్స్ భారమే అవుతుంది. మూడు కెమెరాలను సెన్సర్ మీదే వదిలేశాను. తూము దగ్గరిది ఒక్కటే పది సెకన్లకొకసారి తీస్తోంది. ఒండ్రు అలకడం మాత్రం మానలేదు, కార్డు తీసే ముందు ఇప్పటికీ మొదట దాన్నే చూస్తాను.