నిమ్మతోటలో పన్నెండేళ్లు వాడిన వాల్వులు: ఏది ఏ పనికి నిలబడింది

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మాకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది. ఒక బావి, ఒక బోరు, పన్నెండేళ్ల కిందట వేయించిన డ్రిప్పు. కొత్తగా డ్రిప్పు వేసేవాళ్లు మోటారు గురించి, పైపుల గురించి అడుగుతారు, వాల్వుల ఊసే ఎత్తరు. మా తోటలో ఎక్కువ నష్టం తెచ్చిందీ, ఎక్కువ కాపాడిందీ అవే.

ముందు బాల్ వాల్వ్. లోపల రంధ్రం ఉన్న బంతి ఉంటుంది. పావు చుట్టు తిప్పితే పని అయిపోతుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. గట్టు మీద నిలబడి చూసినా ఏ వైపు నీళ్లు పోతున్నాయో తెలుస్తుంది. అంత తేలిగ్గా మూసుకోవడమే నా కొంప ముంచింది. రెండో ఏడు ఎండాకాలంలో ఒకరోజు, రెండో మడికి నీళ్లు తెరవకుండానే మొదటి దాన్ని టక్కున తిప్పేశాను. భూమిలో ధన్‌మని మోత. ఎల్బో పక్కన రెండున్నర అంగుళాల పీవీసీ పైపు నిలువునా చీలి, నీళ్లు మనిషెత్తు లేచాయి. పైపు నిండా పరుగెత్తే నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ వేగమంతా ఒత్తిడిగా మారి పైపును గుద్దుతుంది. వాటర్ హ్యామర్ అంటారు. అప్పటి నుంచి ముందు రెండోది తెరిచాకే మొదటిది మెల్లగా మూస్తున్నాను. ఇంకొకటి, బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటే ప్లాస్టిక్ బాల్ వాల్వ్ బిగుసుకుపోతుంది. వారానికోసారి ఊరికే అయినా ఒకసారి తిప్పండి.

గేట్ వాల్వ్‌ను నేను తప్పు చోట పెట్టాను. చక్రం తిప్పేకొద్దీ లోపలి పలక పైకి లేస్తుంది, పూర్తిగా తెరిస్తే నీటికి అడ్డే ఉండదు. అయితే అది పూర్తిగా తెరవడానికో, పూర్తిగా మూయడానికో మాత్రమే. నీటి ఒత్తిడి తేడాతో ఎరువును పైపులోకి పీల్చే వెంచురీతో ఎరువు పెట్టడానికి మెయిన్ లైనులో ఒత్తిడి తేడా రావాలని రోజూ దాన్ని సగం మూసి ఉంచేవాణ్ని. నీటి తాకిడికి పలక అదిరి అదిరి అంచు అరిగింది. రెండేళ్లకు ఎంత బిగించినా నీళ్లు కారుతూనే ఉండేవి. ఆ చోట గ్లోబ్ వాల్వ్ పెట్టాను. పాత ఇళ్లలో మర తిప్పే కుళాయి ఉంటుందే, అదే పద్ధతి. లోపల నీరు వంపు తిరిగి పోతుంది కాబట్టి కొంత ఒత్తిడి పోతుంది కానీ నీటిని తగ్గించి వాడుకోవడానికి అదే సరైనది.

అన్నిటికంటే నేను విలువిచ్చేది ఎన్.ఆర్.వి.కి, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్‌కి. మొదట్లో బోరు పైపుకు అది పెట్టలేదు. ఒకే ఎండాకాలంలో రెండుసార్లు మోటారు పైకి లాగించాల్సి వచ్చింది. "అన్నా, మోటారుది తప్పు లేదు. కరెంటు పోయినప్పుడల్లా పైపులో నీళ్లన్నీ కిందికి దిగి దీన్ని వెనక్కి తిప్పతా ఉండాయి. అంతలో కరెంటు వచ్చిందంటే షాఫ్ట్ ఏం కావాలి?" అన్నాడు మెకానిక్. నీటిని ఒకవైపే పోనిచ్చే ఆ చిన్న తలుపు పెట్టాక మోటారును ఆరేళ్లు పైకి లాగాల్సిన పని పడలేదు. బిగించేటప్పుడు ఒంటి మీది బాణం గుర్తు నీళ్లు పోయే దిక్కునే ఉండాలి.

బావిలో నీళ్లు పీల్చే సక్షన్ పైపు అడుగు కొసకు ఉండే ఫుట్ వాల్వ్ కూడా ఆ జాతిదే. నాచు పుల్ల ఒకటి మూత కింద ఇరుక్కుంటే చాలు, సక్షన్ పైపు ఖాళీ అయిపోయి పొద్దున్నే బిందెలతో దాన్ని నింపాల్సిందే. ఏడాదికోసారి పైకి తీసి జల్లెడ కడుగుతాను.

ఇక తోటలో ఎత్తైన మూలన ఉండి, పైపులోని గాలిని బయటికి వదిలి, అవసరమైనప్పుడు లోపలికి రానిచ్చే ఎయిర్ వాల్వ్. నీళ్లు చిమ్ముతోందని ఒకసారి పీకేసి మూత బిగించాను. మోటారు ఆగగానే నీళ్లు పల్లానికి జారి పైపులో ఖాళీ ఏర్పడుతుంది. బయటి గాలి లోపలికి వచ్చే దారి లేక డ్రిప్పర్లు చెట్టు మొదట్లోని బురదను లోపలికి పీల్చాయి. ఆ ఏడు ఎగువ వరుసల్లో సగం డ్రిప్పర్లు మూసుకుపోయి, కాయ సైజు రాలేదు. మా నాయన ఆ వరుసల వెంట సూది పట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. మళ్లీ కొత్తది పెట్టాం. ఇప్పుడు మోటారు వేయగానే ఆ మూలకు పోయి నిలబడతాను. ముందు గాలి బుస్సుమంటుంది, తర్వాత లోపలి తేలుడు బంతి లేచి టక్‌మని మూసుకుంటుంది. ఆ టక్ వినపడకపోతే ఆ రోజే విప్పి కడుగుతాను.