సెంట్రల్ వేడినీళ్ల సర్వీసు: మిషనుకి మార్కులు, మీటరుకి కోత

మాది విజయనగరంలో కంటోన్మెంటు వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ఇరవై ఫ్లాట్లు. ఇంటికో గీజరు ఎందుకని మేడ మీద ఒకే హీట్ పంపు, వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టించి, పైపుల్లో అందరికీ వేడినీళ్లు పంపే సర్వీసు తీసుకున్నాం. మిషను, పైపులు, మరమ్మతులు కంపెనీవి. ఫ్లాటుకి నెలకి 150 రూపాయలు కట్టాలి, వాడినా వాడకపోయినా. దాని మీద వేడినీళ్లకి లీటరు 12 పైసలు. కంపెనీ పేరు రాయను, ఇంకా వాళ్లతో మాటలు నడుస్తున్నాయి.

నేను చెరకు ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఆవిరి, పైపు, వాల్వు, లాగింగు (వేడి పోకుండా పైపుకి చుట్టే పొర) తప్ప వేరే చదువు లేదు. కాబట్టి ఈ రివ్యూలో బాత్రూం టైల్సు ఫొటోలుండవు, లెక్కలుంటాయి.

ముందు మిషను సంగతి. బాగుంది. హీట్ పంపు నీటిని కాయిలు పెట్టి కాచదు, బయట గాలిలో ఉన్న వేడిని లాగి నీటిలోకి తోస్తుంది. మనది ఎలాగూ ఉక్క ఊరు, దానికి మేత ఎప్పుడూ ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు 25 డిగ్రీల నుంచి 40కి రావాలంటే గీజరుకి 0.35 యూనిట్ కావాలి, దీనికి 0.12 చాలు. చప్పుడు కూడా పెద్ద ఏసీ పాటిదే. పక్కన నిలబడితే చల్లగాలి కొడుతుంది. ఆ గాలి ఊరికే మేడ మీద పోతోంది, చిన్న డక్టు వేసి లిఫ్టు మిషను గదిలోకి మళ్లించండయ్యా అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

మా అసోసియేషన్ మీటింగుకొచ్చిన సేల్స్ కుర్రాడు "డెన్మార్కులో ఊళ్లకి ఊళ్లే ఇలా నడుస్తున్నాయండి" అన్నాడు. ఆ మాట నిజమే. కోపెన్‌హాగన్‌లో దాదాపు ప్రతి భవనానికీ వేడి పైపులోనే వస్తుంది. 1973లో చమురు ధర చావుదెబ్బ కొట్టాక, 1979లో వేడి సరఫరా మీద చట్టమే చేసుకున్నారు వాళ్లు. కరెంటు ప్లాంటులో టర్బైను దాటిన వేడి, చెత్త కాల్చే ప్లాంటు వేడి ఊళ్లోకి మళ్లిస్తారు. ఇది విని నాకేం ఆశ్చర్యం కలగలేదు. మేమూ చెరకు పిప్పి కాల్చి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి, బయటికొచ్చిన ఎగ్జాస్టుతో రసం మరిగించేవాళ్లం. హెల్సింకిలో ఇంకో అడుగు ముందుకేశారు. శుద్ధి చేసిన మురుగునీటిలో మిగిలిన వెచ్చదనాన్ని హీట్ పంపులతో లాగి ఇళ్లకి పంపుతున్నారు, అదే ప్లాంటు నుంచి చల్లనీళ్లూ పంపుతున్నారు. 1877లో అమెరికాలో లాక్‌పోర్టు అనే ఊళ్లో బర్డ్‌సిల్ హాలీ ఆవిరితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆవిరి పోయి మసిలే నీళ్లొచ్చాయి, ఇప్పుడు 50, 60 డిగ్రీలకి దిగుతోంది. పైపులో నీరు ఎంత తక్కువ వేడిగా ఉంటే దారిలో వేడి అంత తక్కువ పోతుంది, హీట్ పంపుకీ అంత సులువు.

కుర్రాడు చెప్పని ముక్క ఒకటుంది. అక్కడ చలికాలమంతా ఇల్లు మొత్తం వెచ్చబెట్టుకోవాలి. పైపు పొడుగునా పక్కపక్కనే ఇళ్లు, ప్రతి ఇంటికీ బోలెడు వేడి కావాలి. అందుకే పైపు ఖర్చు గిట్టుబాటవుతుంది. మనకి కావలసింది తలో బకెట్టు, అదీ పొద్దున్న పూట. పైపు మాత్రం ఇరవైనాలుగు గంటలూ వేడిగా ఉండాలి, ఎందుకంటే కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని నీటిని లూపులో, అంటే ట్యాంకు నుంచి ఫ్లాట్ల మీదుగా మళ్లీ ట్యాంకుకి, చిన్న పంపుతో తిప్పుతూనే ఉంటారు. అంగుళం పైపుకి మంచి లాగింగు చేసినా, లోపల 55 డిగ్రీలుంటే మీటరు పొడుగుకి ఆరు వాట్ల పైచిలుకు వేడి పోతుంది. వంద మీటర్ల లూపు అయితే రోజుకి పదిహేను యూనిట్ల వేడి గాలిపాలు. అది నలభై బకెట్ల స్నానం నీళ్లతో సమానం! మా ఇరవై ఫ్లాట్లూ కలిసి వాడేదే రోజుకి ఎనభై బకెట్ల దగ్గర. లాగింగు లేకపోతే నష్టం నాలుగింతలు.

అందుకే మేడెక్కి చూశాను. పైపుకి ఫోమ్ చుట్టారు, శుభ్రంగానే. వాల్వులూ, ఫ్లేంజీలూ, ట్యాంకు దగ్గర బెండ్లూ మాత్రం బోసిగా ఉన్నాయి. చెయ్యి పెడితే చుర్రుమంది. సర్వీసుకొచ్చిన గజపతినగరం కుర్రాణ్ని అడిగాను.

"ఏటి బాబూ, వీటికి చొక్కా తొడగలేదేటి?"

"అది మా స్కోపులో లేదు అంకుల్."

మా ఫ్యాక్టరీలో అయితే ఆ మాటకి ఇంజినీరుగారు ఊరుకునేవారు కాదు. చివరికి ఆ కుర్రాడే ఇంకోసారి వచ్చినప్పుడు మిగులు ఫోమ్ తెచ్చి కొన్నిటికి చుట్టాడు. మంచివాడు. తప్పు కాంట్రాక్టు రాసినవాళ్లది.

ఇంతకంటే పెద్ద పేచీ మీటరుతో. ఇది లీటర్ల మీటరు, వేడి మీటరు కాదు. రాత్రి లూపులో నీళ్లు తిప్పే పంపు ఆపితే పొద్దున్నే తొలి చెంబులు చల్లగా వస్తాయి, ఆ లీటర్లకీ 12 పైసలే. 55 డిగ్రీల నీళ్లొచ్చినా, 42 డిగ్రీలవి వచ్చినా ఒకటే రేటు. మా మేనల్లుడు కోపెన్‌హాగన్‌లోనే ఉంటాడు, ఫోన్ చేసి అడిగాను. అక్కడి మీటరు ఎంత నీరు వచ్చింది, ఎంత వేడితో వచ్చి ఎంత చల్లబడి వెనక్కి వెళ్లింది అన్నీ చూసి వేడికే డబ్బు కట్టిస్తుందట. నీటిలో వేడి బాగా వాడుకుని చల్లగా తిప్పి పంపినవాడికి కొన్ని చోట్ల రాయితీ కూడా. ఇక్కడ డెన్మార్కు పేరు చెప్పి అమ్మారు గానీ, డెన్మార్కు మీటరు పెట్టలేదు.

ఇక డబ్బు. నా స్లాబులో యూనిట్ ఆరు రూపాయలు, అంటే గీజరు బకెట్టు రెండు రూపాయల పది పైసలు. ఈ సర్వీసులో బకెట్టుకి పది లీటర్ల వేడినీళ్లు పోసుకుని మిగతాది చన్నీళ్లు కలుపుతాం, రూపాయి ఇరవై. చూడ్డానికి చవక. కానీ మేమిద్దరం ముసలివాళ్లం, నెలకి అరవై నుంచి తొంభై బకెట్లు. గీజరైతే 126 నుంచి 189 రూపాయలు. ఇక్కడ 150 కలుపుకుని 222 నుంచి 258. కరెంటు మూడో వంతే ఖర్చయ్యే మిషను పెట్టి మా జేబుకి చిల్లు! పై ఫ్లాటులో ఆరుగురు, రోజుకి ఎనిమిది బకెట్లు. వాళ్లకి గీజరు 504 అయ్యేది, ఇప్పుడు 438. మే నెలలో మా ఇంట్లో ఒక్క చుక్క వేడినీరు వాడం, అయినా 150 కట్టాలి.

పండగల పరీక్ష కూడా చెప్పాలి. పైడితల్లమ్మ సిరిమానుకి ఊళ్లోంచి చుట్టాలు దిగి ప్రతి ఫ్లాటూ నిండిపోయింది. స్నానాలు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా సాగాయి కాబట్టి మిషను నెగ్గుకొచ్చింది. భోగి రోజు ఓడింది. అందరికీ తలంటు, అందరికీ ఒకే గంటలో. ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్లీ కాచడానికి టైము కావాలి కదా. మూడో అంతస్తు దాటాక గోరువెచ్చనే. "ఏటండీ, పండగపూట ఈ సల్లనీలు" అని మా ఇంటావిడ పొయ్యి మీద గిన్నె పెట్టింది. ఆ రోజుకైనా ట్యాంకు రాత్రే నింపి 60కి కాచి ఉంచాలి. డెన్మార్కువాళ్లు కూడా పొద్దుటి రద్దీకే పెద్ద పెద్ద వేడినీళ్ల ట్యాంకులు కట్టుకున్నారు.

ఇంకో మాట. కరెంటు కలిసొస్తుందని కంపెనీవాళ్లు ట్యాంకు సెట్టింగు 45కి దించారు. నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్లలో లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, షవరు తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. అరిచి గీపెట్టి మళ్లీ పైకి పెట్టించాను. ఇలాంటి సర్వీసు ఉన్నవాళ్లు థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, వాళ్ల డిస్‌ప్లేని నమ్మకండి.

నా ఉద్దేశంలో ఇది లాడ్జీలకీ, హాస్టళ్లకీ, ఆసుపత్రులకీ సరిపడే సరుకు. పగలంతా వేడినీళ్లు వాడేచోట పైపు నష్టం లెక్కలోకి రాదు. డెన్మార్కులోలా ఊరంతటికీ పైపులెయ్యాలంటే మనకి వేడి కాదు, చల్లనీళ్ల పైపులు కావాలి. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఒకే ప్లాంటు నుంచి భవనాల ఏసీలకి చల్లనీళ్లు పంపుతున్నారు, అది మన ఎండలకి తగిన పని. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో అయితే ఇంట్లో అయిదారుగురుంటేనే తీసుకోండి.

సర్వీసు కుర్రాడికి ఐదుకి ఐదు, మిషనుకి నాలుగు, బిల్లు పద్ధతికి రెండు. కాంట్రాక్టు సంక్రాంతి దాటాక తిరగరాయాలి. వేడి మీటరు పెట్టాలి, వేసవి మూడు నెలలు స్థిర చార్జీ ఎత్తెయ్యాలి, లూపు పంపుకి టైమరు పెట్టి తొలి స్నానానికి అరగంట ముందు మొదలయ్యేలా చూడాలి. ఇవి రాసిచ్చాను. కార్తీకమాసంలో నాలుగింటికే లేచేవాళ్లున్నారు, టైమరు వాళ్లని అడిగి పెట్టమన్నాను. సెక్రటరీగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని "చూద్దాం మాస్టారూ" అన్నారు. మా పాత గీజరు మాత్రం ఇంకా అమ్మలేదు.